జానెడు తరంగముతో గీచిన ఆకాశపటము



2023వ సంవత్సరము జనవరి నెలలో ఒకనాటి సాయంకాలము నేను కోదాడలో మా యింటి అరుగుపై కూర్చుండి యుండగా, చిరపరిచితుడగు నొక వృద్ధకర్షకుడు వచ్చి నా ప్రక్కను కూర్చుండి, కుశలప్రశ్నమైన నడుగకయే, “సారూ, మన కోదాడకాడ ఆకాశం ముచ్చట్లు వినే యంత్రం పెట్టిన్రంటగద. మళ్ల భూములు పోతయా?” అని యడిగెను. ఆ ‘మళ్ల’ అను మాట నాకు గ్రుచ్చుకొన్నది. పులిచింతల జలాశయమునకై కృష్ణ యొడ్డున మునిగిన పల్లెలలో ఆయనది యొకటి. ఇల్లు, దొడ్డి, తాతలనాటి వేపచెట్టు నీటిపాలైన పిదప కోదాడ చేరిన మనుష్యుడు. అట్టివానికి యంత్రమన్నను, ప్రాజెక్టన్నను మొదట తలపునకు వచ్చునది భూమియే గదా!

విచారింపగా, ఆయన మనుమడు చదివి వినిపించిన వార్త నిజమే గాని యూరు మనది కాదు. పుణె నగరమునకు ఉత్తరముగా సుమారు 80 కిలోమీటర్ల దూరమున, నారాయణగావ్ చెంత ఖోడద్ అను పల్లె కలదు. కుఱ్ఱవాడు ఖోడద్‌ను కోదాడ చేసినాడు. ఆ మాట చెప్పి ఆయనను ఊరడించి పంపితిని. కాని ఆయన ప్రశ్న మాత్రము నన్ను విడువలేదు. అచ్చటి రైతుల భూములు పోయినవా? అంత పెద్ద యంత్రము ఆకాశమున దేనిని వెదకుచున్నది? దొరకినంత చదివితిని, మఱుసటి సంవత్సరము ఫిబ్రవరిలో స్వయముగా పోయి చూచి వచ్చితిని. ఆ సంగతులే నేడు మీకు విన్నవింపదలచితిని.

ఆ యంత్రము చేయు పని యొక్క మాటలో చెప్పవలెనన్న పటము గీయుట. పటమనగా మనకు క్రొత్త గాదు. గొలుసు పట్టి, హద్దురాళ్లు పాతి, సర్వేనంబరు వేసి, ఏ మడి యెవరిదో కాగితముపై గీచుట మన తాతలనాటి నుండియు నున్నది. ఆకాశమునకును అట్టి బందోబస్తు ఒకమారు జరిగినది. 1887లో పారిసు నగరమున కూడిన జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ఆకాశమును పట్టీలుగా విభజించి, ఒక్కొక్క పట్టీని ఒక్కొక్క వేధశాలకు అప్పగించి, ఫోటోగ్రాఫు పలకలమీద నక్షత్రములను పట్టి, వాని స్థానములను కొలిచి పట్టికలు వేయవలెనని నిర్ణయించిరి. ఈ మహాకార్యములో మన హైదరాబాదునకును భాగము లభించినది. 1901లో నవాబు జఫర్ జంగ్ ఫిసల్‌బండయందు నెలకొల్పిన వేధశాల, ఆయన గతించిన పిమ్మట 1908లో నిజాము ప్రభుత్వము వశమై, బేగంపేటకు మారి నిజామియా వేధశాల యను పేర ప్రసిద్ధి గాంచినది. దక్షిణాకాశమున 17వ అంశ మొదలు 23వ అంశ వరకు గల పట్టీ దానిపాలికి వచ్చెను. పోకాక్ దొరయు, ఆయన తరువాత భాస్కరన్ గారును ఏండ్ల తరబడి ఈ పనిని నడపిరి. నేటి గణకయంత్రములు లేని ఆ దినములలో సూక్ష్మదర్శినిలో కన్నుపెట్టి, ఒక్కొక్క చుక్కను కొలిచి, 7,63,542 నక్షత్రముల లెక్కను గ్రంథములుగా అచ్చువేయించిరి. మన పట్వారీలు సైతము అంత ఓపికతో పహాణీ వ్రాసి యుండరని నా నమ్మకము.

అయినను ఆ పటమునకు ఎక్కినది కంటికి కానవచ్చు వెలుగు మాత్రమే. చుక్కకును చుక్కకును నడుమనున్న నల్లని చోటు ఖాళీగా నిలిచిపోయినది. ఊరిపటమున ఇండ్లు మాత్రము గీచి, వాగులు, చెఱువులు, బీళ్లు విడిచిపెట్టినట్లని మీ రూహింపవచ్చును.

వెలుగు లేనిచోట ఏమియు లేదనుకొనుట పొరపాటు. ఇందుకు మన జిల్లాలోనే ఒక దృష్టాంతము కలదు. 1980 ఫిబ్రవరి 16వ తేది, శనివారము, మాఘ బహుళ అమావాస్య. ఆనాటి సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ పడమటి తీరమున దేశమును తాకి, రాయచూరు మీదుగా మన సీమకు వచ్చి, సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడలను కప్పుకొని పూరీవైపు సాగిపోయెను. నేనప్పుడు సూర్యాపేటలో చదువుకొనుచుంటిని. మా నాయనమ్మ నీళ్లబిందెలపై దర్భలు వేసి, తలుపులు గడియపెట్టి, పిల్లల నెవ్వరిని కదలనీయలేదు. నేను కిటికీ సందునుండి వీధిని మాత్రము చూచితిని. బజారులో నరసంచారము లేదు. మూడుముక్కాలు గంటల వేళ కాకులు గూళ్లకు పోయినవి. కుక్క యొకటి వీధి నడుమ నిలుచుండి యెటు పోవలెనో తెలియక చూచుచుండెను. పేరులోనే సూర్యుడు గల ఊరికి పట్టపగలు సూర్యుడు లేకపోయెను.

సరిగా ఆ వేళకే, మాకు పడమట జాపాల–రంగాపురములో ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి వేధశాలయందు, పదియడుగుల రేడియో దూరదర్శినిని సూర్యునిపై గురిపెట్టి యుంచిరి. కంటికి సూర్యబింబము పూర్తిగా మఱుగుపడినను ఆ యంత్రమునకు మఱుగుపడలేదు. చంద్రుని యంచులు దాటి వ్యాపించియున్న ప్రభామండలము రేడియో తరంగములను పంపుచునే యుండెను. నాయనమ్మ తలుపు వేసిన గదిలో నేను చీకటి యనుకొనుచున్న సమయమున, మాకు అంతగా దూరము లేని చోట ఆ చీకటిలోని సందడిని వినుచుండిరని చాల సంవత్సరములకు గాని నాకు తెలియలేదు.

నక్షత్రముల నడుమ నల్లని చోటును నింపుచున్న ముఖ్యపదార్థము ఉదజని. ఉదకమునకు జన్మమిచ్చునది గనుక మన పెద్దలు దానికా పేరు పెట్టిరి. మిర్యాలగూడ మాగాణులకు సాగరు ఎడమకాలువ తెచ్చెడి నీటిలో ప్రతి యణువునందును రెండు ఉదజని పరమాణువులును, ఒక ఆమ్లజని పరమాణువును ఉండును. విశ్వమున మనకు తెలిసిన పదార్థములో తూకమునుబట్టి ముప్పాతికవంతు ఉదజనియే. నక్షత్రము పుట్టవలెనన్న మొదట ఈ వాయువు గుమిగూడవలెను. కాని చల్లనై, విడిపోని పరమాణువులుగానున్న తటస్థ ఉదజని వెలుగు నీయదు. దీపము లేని యింటిలోని మనిషివలె ఉన్నదో లేదో తెలియదు. చప్పుడైన చేయవలెను.

ఆ చప్పుడు ఎట్టిదో 1944లో తేలినది. అప్పుడు హాలెండు దేశము జర్మనీసేనల యాక్రమణలో నుండెను. లైడెన్ నగరమున ఊర్ట్ అను ఆచార్యుడు, వాన్ డి హుల్స్ట్ అను యువకుని పిలిచి, ఆకాశమునుండి నిర్ణీతమైన యొక్క పొడవుతో వచ్చు రేడియో తరంగ మేదైన ఉండునా యని లెక్కకట్టుమనెను. ఆయన కాగితముపై కట్టిన లెక్క యిది. ఉదజని పరమాణువులో ఒక ప్రోటాను, ఒక ఎలక్ట్రాను ఉండును. ఈ రెండును బొంగరములవలె తమ చుట్టు తాము తిరుగుచున్నట్లు భావింపవచ్చును. రెండును ఒకే తీరున తిరుగుచున్నప్పుడు పరమాణువులో శక్తి రవంత యెక్కువ. ఎదురుతీరున తిరుగుచున్నప్పుడు రవంత తక్కువ. ఎప్పుడో యొకప్పుడు ఎలక్ట్రాను తలక్రిందగును. ఆ మిగులుశక్తి 21 సెంటీమీటర్ల పొడవుగల రేడియో తరంగముగా వెలువడును. మన రేడియోపెట్టెలు పట్టెడు మధ్యతరంగములు కొన్ని వందల మీటర్ల పొడవు గలవి. ఇదియో, జానెడునకు ముప్పాతిక యంగుళము తక్కువ.

ఒక్క పరమాణువు తనంతట తాను ఇట్లు తలక్రిందగుటకు సగటున కోటి సంవత్సరములకు పైన పట్టును. అట్లయిన దానిని వినుట యెట్లు? సంఖ్యాబలముచేతనే. ఆకాశమున ఏ వైపు చూచినను లెక్కకు మిక్కిలిగా పరమాణువులున్నందున ఏ క్షణమున నైనను కొన్ని పలుకుచునే యుండును. తిరునాళ్లలో ఒక్కొక్కని మాట వినబడకున్నను ఊరిబయటికి హోరు వినబడును గదా.

1951 మార్చి 25న ఆ హోరు మొట్టమొదట మనుష్యునికి చిక్కినది. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఎడ్వర్డు పర్సెల్ ఆచార్యుడును, ఆయన శిష్యుడు హెరాల్డ్ ఈవెన్‌ును పలుచని చెక్కతో పెద్ద కొమ్మువంటి గొట్టము చేసి, లోపల రాగిరేకు తాపి, ప్రయోగశాల కిటికీ వెలుపలికి పెట్టిరి. వాన కురిసినప్పుడు అది గరాటువలె నీటిని గదిలోనికి పోసెడిది. చలికాలమున విద్యార్థులు దానిని గురిచూచి మంచుముద్దలు విసరెడివారు. ఆ కొమ్ములోనే ఉదజని పలికెను. ముందుగా వెదకుచున్న హాలెండువారు, జర్మనులు విడిచిపోయిన యుద్ధకాలపు రేడియో పళ్లెముతో పనిచేయుచు, 1950లో తమ గ్రాహకము నిప్పంటుకొని కాలిపోవుటచే వెనుకబడిరి. అయినను కొన్ని వారములలో వారును వినిరి. ఆస్ట్రేలియాలో క్రిస్టియన్సెన్, హిండ్మన్ అను నిరువురును వినిరి. ముగ్గురి సాక్ష్యము కలిసినది.

ఇక పటము సంగతి. మిర్యాలగూడ స్టేషనులో నిలుచుండి రైలుకూత విన్నవారికి దీని మర్మము సులభముగా బోధపడును. బండి మనవైపు వచ్చునప్పుడు కూత సన్నగిల్లును, దాటిపోవునప్పుడు బొంగురుపడును. అట్లే మనవైపు వచ్చెడి ఉదజని మేఘపు తరంగము జానెడుకంటె రవంత కుఱుచగును. దూరముగా పోవు దానిది సాగును. అందుచేత ఏ దిక్కున ఎంత వాయువున్నదో మాత్రమే గాక, అది యెంత వేగముతో ఎటు పోవుచున్నదో కూడ తెలియును. పాలపుంతలో మన కంటికి అడ్డము వచ్చు ధూళిమేఘములు ఈ తరంగమునకు అడ్డము రావు. 1958లో ఊర్ట్, కెర్, వెస్టర్‌హౌట్ అనువారు హాలెండు, ఆస్ట్రేలియాల కొలతలను కూర్చి మన పాలపుంత పటమును ప్రకటించిరి. నీటిసుడిలో నురుగుచారలవలె ఉదజని చారలు చారలుగా చుట్టుకొనియున్నట్లు లోకము చూచెను. పిమ్మట ఇతర తారాసముదాయములను పరిశీలింపగా మఱియొక వింత బయటపడినది. నక్షత్రములు ముగిసిన చోట ఉదజని ముగియదు. చాల దూరము వఱకు వ్యాపించి, తగ్గవలసిన వేగము తగ్గకయే తిరుగుచున్నది. దానిని పట్టి త్రిప్పుచున్న కానరాని బరువేమో నేటికిని తేలలేదు.

మన దేశమునకు ఈ విద్య వచ్చిన త్రోవ చిన్నది గాని చక్కనిది. క్రిస్టియన్సెన్ మొదలగువారి యొద్ద 1953 మొదలు సిడ్నీలో పని నేర్చిన యువకుడు గోవింద స్వరూప్. అక్కడివారికి పనిలేక మిగిలిన ఆఱడుగుల పళ్లెములు ముప్పదిరెండింటిని మన దేశమునకు ఇప్పించుకొనెను. అవి 1965లో బొంబాయి దగ్గఱ కల్యాణములో సూర్యునివైపు తిరిగినవి. 1970లో ఆయన ఊటీ కొండవాలుపై 530 మీటర్ల పొడవుగల దూరదర్శినిని నిలిపెను. ఆ స్థలము భూమధ్యరేఖకు ఉత్తరమున ఎన్ని అంశలో ఆ వాలును అన్నియే యంశలు. కొండయే యంత్రములో సగము పని చేసినది. అటుపిమ్మట ఖోడద్.

అచ్చట 45 మీటర్ల వెడల్పుగల పళ్లెములు ముప్పది యున్నవి. పళ్లెమన్నానే గాని రేకు ఎక్కడను లేదు. తీగలు లాగి కట్టి, వానిపై సన్నని తీగవల పఱచినారు. అందులోనుండి ఆకాశము కనబడును. గాలి ఆగక పోవును. బరువు తక్కువ, వ్యయమును తక్కువ. ఇది స్వరూప్‌గారి బుద్ధి. పదునాలుగు పళ్లెములు మధ్యను గుంపుగా నున్నవి. తక్కిన పదునాఱు మూడు దిక్కులకు చాపిన చేతులవలె పొలముల నడుమ దూరదూరముగా నిలిచినవి. ఈ కొననుండి ఆ కొనకు 25 కిలోమీటర్లు. అనగా సూర్యాపేటకును కోదాడకును గల దూరములో సగమునకు కొంచెము మించును. అన్నిటిని గాజుపోగులతో ఒకచోటికి కలిపి, ముప్పదింటి వినికిడిని జతలు జతలుగా పోల్చి లెక్కకట్టగా, 25 కిలోమీటర్ల వెడల్పుగల ఒకే పళ్లెమునకు కనబడునంత సన్నని వివరము కనబడును. 2001లో దీనిని జాతికి అంకితము చేసిరి. స్వరూప్‌గారు 2020 సెప్టెంబరులో గతించిరి.

నేను పోయినది విజ్ఞానదినోత్సవపు సమయము. పాఠశాలల పిల్లలు గుంపులు గుంపులుగా వచ్చిరి. లోపలికి పోవుటకు ముందు సెల్‌ఫోను ఆపివేయుమనిరి. నా కండ్లు మాత్రము మా పెద్దాయన ప్రశ్నకై వెదకుచుండెను. భూమి కొంత తీసికొనకపోలేదు. కాని ఒక పళ్లెము కంచెకు ఇవతల ఉల్లిమడిలో స్త్రీలు కలుపుతీయుచుండిరి. అవతల ద్రాక్షపందిళ్లు ఉండెను. ముంపువలె ఊరును మ్రింగలేదు. ఆ యంత్రము పల్లెలను అధికముగా కోరుచున్నది మఱియొకటి: నిశ్శబ్దము. మనము చేసెడి శబ్దము గాదు, రేడియో నిశ్శబ్దము. ఎద్దుల గంటలు ఎంత మ్రోగినను దానికి బాధ లేదు. వదులైన విద్యుత్తీగ నిప్పురవ్వ విసరినను, ప్రసారస్తంభము దగ్గఱగా లేచినను దానికి చెవులు మూసికొనిపోవును.

ఎందుకింత నియమమని మీ రడుగవచ్చును. 2020లో అచ్చటి శాస్త్రజ్ఞులు 7,653 తారాసముదాయముల నుండి వచ్చు తరంగములను ఒకదానిపై నొకటి పేర్చి, సుమారు ఎనిమిది వందల కోట్ల సంవత్సరములనాటి ఉదజనిని తూచిరి. ఒక్కొక్కటిగా వినరానివి కలిపి వినగా వినబడినవి. అప్పుడు నక్షత్రములు విరివిగా పుట్టుచుండెడివి. ఆ పుట్టుక తరువాత ఎందుకు తగ్గిపోయెనో తెలియకుండెను. చెఱువులో నీరు నిండుగనే యున్నది, కాని వాడుక యెంత జోరుగా నున్నదనగా, పైనుండి క్రొత్తనీరు రాకున్న నూఱు ఇన్నూఱు కోట్ల సంవత్సరములలో అడుగంటును. కాలువ సన్నగిల్లినది, చెఱువు తగ్గినది, పంట తగ్గినది. ఆయకట్టు రైతునకు ఇంతకంటె విప్పి చెప్పనక్కరలేదు.

ఇక 2023 జనవరిలో మా పెద్దాయన మనుమడు చదివిన వార్త. చక్రవర్తి, రాయ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఖోడద్ పళ్లెములతో ఒకే యొక్క దూరపు తారాసముదాయపు ఉదజనిని పట్టిరి. నడుమనున్న మఱియొక తారాసముదాయము భూతద్దమువలె పనిచేసి, ఆ తరంగమును సుమారు ముప్పదిరెట్లు పెంచి చూపినది. అది బయలుదేరి 880 కోట్ల సంవత్సరములైనది. విశ్వము వ్యాకోచించుచున్నది గనుక త్రోవలో తరంగమును సాగినది. జానెడుగా బయలుదేరినది మూరెడు దాటి 48 సెంటీమీటర్లుగా వచ్చి చేరెను. చిక్కంతయు నిక్కడనే యున్నది. జానెడు తరంగమునకు లోకమంతటను రక్షణ కలదు. ఆ పొడవుపై ఎవ్వరును ప్రసారము చేయగూడదని దేశములన్నియు ఒప్పుకొన్నవి. సాగిన మూరెడు తరంగమునకు ఆ రక్షణ లేదు. టెలివిజను మొదలగునవి దాని దారిలోనే నడచుచున్నవి. పాత తరంగమైన కొలది రద్దీలో పడుచున్నది.

పుణె, నాసిక్ నగరముల మధ్య తలపెట్టిన వేగపు రైలుమార్గము ఈ పళ్లెముల చేరువగా పోవునని తెలిసి శాస్త్రజ్ఞులు అభ్యంతరము చెప్పిరి. మార్గమును మార్చుటకు ప్రభుత్వము నిశ్చయించినది. ఆ ప్రాంతమువారు మాకు రైలు కావలెనని పట్టుబట్టిరి. రైలుస్టేషను లేని సూర్యాపేట, కోదాడ పురజనులకు ఆ బాధ నేను వివరింపనక్కరలేదు. నా మట్టునకు నేను పళ్లెములవైపే మొగ్గుదును. రైలును పది మైళ్లు ప్రక్కకు వేయవచ్చును. అట్టి చోటు మఱియొకటి వెదకి ముప్పది పళ్లెములను ఎత్తి నిలుపుట సులభము గాదు. కాని ఆ మాట చెప్పుటకు ముందు, నిశ్శబ్దమును కాచుచున్న ఆ పల్లెలకు బదులుగా ఏమి దక్కినదని యడుగవలసిన బాధ్యత మనపైనను కలదు. మన తీరమున మునిగిన పల్లెల విషయమున మనము అడుగుటలో ఆలస్యము చేసితిమి.

తిరిగి వచ్చిన పిదప పెద్దాయనకు ఇదంతయు చెప్పితిని. ఉల్లిమడి మాట విని తల యూపెను. తరంగము సంగతి చెప్పగా కొంతసేపు ఊరకుండి, “అది బయలెల్లినప్పుడు మన కృష్ణమ్మ ఉన్నదా సారూ?” అని యడిగెను.

“కృష్ణమ్మ కాదు, భూమియే లేదు. భూమి పుట్టి సుమారు 450 కోట్ల సంవత్సరములు” అంటిని.

“మరి నీళ్లు?”

“నీళ్లలోని ఉదజని యున్నది.”

ఆయన అరుగుమీదనున్న చెంబెత్తి, రెండు గ్రుక్కలు త్రాగి, మిగిలినది మా తులసికోటలో పోసి లేచిపోయెను.